లెక్కల సారుకు ఆఖరి క్షవరం

మా లెక్కల సారు పోయారు. మంగళవారం తెల్లవారుతుండగా, కాప్రాలో కూతురి ఇంట్లో. ఎనభై దాటిన మనిషి, నెల రోజులుగా మంచం మీదే ఉన్నారు కాబట్టి ఎవరూ గుండెలు బాదుకోలేదు. నేనైతే కంటతడి కూడా పెట్టలేదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, చదివాక మోసపోయామని ఎవరూ అనకుండా.

సికింద్రాబాదులో మేం చదివిన మగపిల్లల బడికి పూర్వ విద్యార్థుల గ్రూపు ఒకటుంది. 'ప్రభువునందు నిద్రించారు' అని పొద్దున్నే ఫొటోతో సహా వచ్చింది. ఆ వెనకే పూలదండలు, జోడించిన చేతులు, కన్నీళ్ళు. 'మనల్ని మనుషుల్ని చేసిన సారు' అని ఒకడు. 'సారు సంతకం పడిన తలలు మనవి' అని ఇంకొకడు. దానికైతే బొటనవేళ్ళు లేస్తూనే ఉన్నాయి. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. సాయంత్రానికి ఒకతను స్మృతి సంచిక వేస్తున్నామని, తలా రెండు పేజీలు మంచి మాటలు రాయమని పెట్టాడు. సరే, రాస్తున్నాను. వేసుకుంటే వేసుకోండి. లేదంటే తిరిగి ఇచ్చెయ్యండి. నా షాపులో కత్తి మీది నురగ తుడవడానికి కాగితాలు ఎప్పుడూ కావాలి.

బయటివాళ్ళకు సారు సంతకం అంటే ఏమిటో తెలియదు, చెబుతాను. సోమవారం ప్రార్థన అయ్యాక మమ్మల్ని కదలనిచ్చేవారు కాదు. సారు వెనక వరుస నుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చేవారు. ఆయన చొక్కా జేబులో మీసాలు దిద్దుకునే చిన్న కత్తెర ఉండేది. ఎవడి జుట్టు కాలరుకు తగిలితే వాడి తల వెనక, నడిమధ్యన, ఒక్క కత్తిరింపు. బొటనవేలంత సందు పడేది. అది కనబడకుండా ఉండాలంటే తలంతా మిషను కొట్టించుకోవాల్సిందే. సాయంత్రానికి సంతకం పడినవాళ్ళంతా సీతాఫల్‌మండిలో ఒకే షాపు ముందు బారులు తీరేవారు. ఆ షాపు మా నాయనది. ఇప్పుడు నాది.

ఇక బడిలో నా బతుకు ఎలా ఉండేదో మీరే అనుకోండి. సారూ మా నాయనా కుమ్మక్కయ్యారని పిల్లలందరి అనుమానం. సోమవారం వచ్చిందంటే నా వీపు విమానం మోతే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. లెక్కలు మాత్రం బాగా చెప్పేవారు. బోర్డు దగ్గరికి పిలిచి, "తప్పెక్కడ చేశావో వేలుపెట్టి చూపించరా, దిద్దడం నేను నేర్పుతాను" అనేవారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను పదో తరగతి గట్టెక్కాను. ఇప్పటికీ చేతికింద పనిచేసేవాళ్ళకు అదే మాట చెబుతాను. కాకపోతే ఆయన తన తప్పు మీద మాత్రం ఎన్నడూ వేలు పెట్టలేదు.

ఆ మంగళవారం గ్రూపు చూసి ఫోను పక్కన పెట్టేలోపే మోగింది.

"సీతాఫల్‌మండి సెలూనేనా అన్నయ్యా? నేను లెక్కల మాస్టారి అమ్మాయినండి. నాన్నగారు..."

"చూసిన మేడం. గ్రూపుల వచ్చింది."

"మూడింటికి భూస్థాపన అన్నయ్యా. నెల్లాళ్ళ గడ్డం. ఎప్పుడూ అలా ఉండేవారు కాదు, మీకు తెలుసుగా. ఆ ముఖంతో పెట్టెలో పెట్టడానికి నాకు చేతులు రావట్లేదు. ఇక్కడ షాపులన్నీ మూసేశారు."

"ఇయ్యాల మంగళారం మేడం. మావోళ్ళు ఎవ్వరు కత్తి ముట్టరు."

"తెలుసండి. నాన్నగారి ఫోనులో సెలూను నెంబరు మీదొక్కటే ఉంది. అందుకే అడుగుతున్నాను."

మళ్ళీ చేస్తానని పెట్టేశాను. మంగళవారం కత్తి ముట్టకూడదన్నది మా నాయన ప్రాణం పోయినా తప్పని మాట. పండగైనా, పెళ్ళైనా ఆ రోజు కత్తులు గుడ్డలో చుట్టి దేవుడి పటం కింద ఉండేవి. ముట్టకూడనిది ముట్టడం మాకు చిన్న విషయం కాదు. ఆ సంగతి ఆ సారుకు నా ఎనిమిదో తరగతిలోనే తెలియాల్సింది.

ఆ ఏడాది మా చెల్లికి మెదడు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో పది రోజులు కళ్ళు తెరవలేదు. మా అమ్మ కొమురెల్లి మల్లన్నకు మొక్కుకుంది. పిల్ల లేచి తిరిగితే కొడుకు తలనీలాలిస్తానని, అప్పటిదాకా ఆ తలకు కత్తెర తాకనివ్వనని. మంగలి ఇంట్లో పిల్లవాడి జుట్టు మెడ దిగింది. చెల్లి అప్పటికింకా మంచం దిగలేదు. బడిలో గొడవవుతుందని మా నాయన పక్కింటాయన చేత చీటీ రాయించి నాకిచ్చాడు.

సోమవారం సారు నా వెనక ఆగారు. నేను చీటీ చాపాను. ఆయన ఒక చేత్తో జేబులోంచి కత్తెర తీశారు, ఇంకో చేత్తో చీటీని అదే జేబులో పెట్టుకున్నారు. చదవలేదు.

"మంగలాడి కొడుకువి, మీ ఇంట్లో కత్తెరకి కరువొచ్చిందేవిట్రా?" అన్నారు.

బడి అంతా నవ్వింది. కచ్‌మని చప్పుడు. నా కుచ్చు ఎర్రమట్టిలో పడింది. అది మల్లన్నది, నాది కాదు. తీసుకుందామని వంగాను. సారు బూటు దాని మీద పడింది.

"వరుసలో వంగకూడదు. నిటారుగా నుంచో."

నిలబడ్డాను. బూటు తీసేసరికి గాలికి సగం పోయింది, మిగతా సగం మట్టిలో కలిసింది.

చెల్లి బతికింది. కుడి చెవి మాత్రం పోయింది. మొక్కు విరగబట్టే పోయిందని మా అమ్మ చచ్చేదాకా నమ్మింది. వంటింట్లో చెల్లిని రెండుసార్లు పిలవాల్సి వచ్చినప్పుడల్లా నా తల వెనక చూసేది. నేను ఆ మొక్కు మాట నమ్మను. నమ్మకపోయినా ఆ చూపును నలభై ఏళ్ళు మోశాను. దీన్ని క్షమించాలని మీకనిపిస్తే మీరు క్షమించుకోండి.

సారు శనివారం శనివారం మా నాయన దగ్గరే గడ్డం చేయించుకునేవారు. ఆ శనివారం నేను షాపు మూలన కూర్చుని కాచుకున్నాను, మా నాయన ఏదో ఒకటి అడుగుతాడని. సారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. నాయన నురగ పట్టించి, కత్తి తోలుకు నూరి, మెల్లగా అన్నాడు:

"సార్, పోరని నెత్తికి మొక్కుండె. చీటీ పంపిన."

"క్రమశిక్షణ ముందు మొక్కులేవిటయ్యా? అందరికీ ఒకటే రూలు."

నాయన ఎప్పటిలాగే రెండుసార్లు గీశాడు. ఎప్పటిలాగే పటికరాయి రుద్ది, తడిగుడ్డతో తుడిచి పంపాడు. సారు వెళ్ళాక నేను ఏడుస్తూ అడిగాను, కనీసం ఒక గాటైనా పెట్టలేకపోయావా అని.

"గడ్డం కింద గొంతుంటది బిడ్డా," అన్నాడు కత్తి కడుగుతూ. "గది మన చేతిల వెట్టి కండ్లు మూస్కుంటరు. గా నమ్మకం మీద కోపం తీర్సుకుంటే ఇగ మన చెయ్యి మనది గాదు."

అప్పుడు నాకు సారు మీద కంటే మా నాయన మీదే ఎక్కువ మండింది.

నాయన పోయాక షాపు నా చేతికి వచ్చింది. సారు అప్పటికే రిటైరై కాప్రాకు మారారు, అయినా శనివారం తప్పలేదు. వచ్చి నా కుర్చీలోనే కూర్చునేవారు. నేను పక్క కుర్చీ అతన్ని పిలిచి, సారును చూడమని చెప్పి బయటికి వెళ్ళి టీ తాగేవాణ్ణి.

"నువ్వు చెయ్యవేవిట్రా?" అని అద్దంలోంచి అడిగేవారు.

"చెయ్యి నొప్పి సార్."

"పదేళ్ళుగా నొప్పేనా?"

"తగ్గుతలేదు సార్."

ఆ మాట పదిహేనేళ్ళకు, ఇరవయ్యేళ్ళకు కూడా పనికొచ్చింది. ఆయన చెంప నేను ఒక్కసారి కూడా ముట్టలేదు. నాకున్న ప్రతాపమల్లా అంతే.

కూతురి ఫోను తర్వాత చెల్లికి చేశాను. ఎడమ చెవికి పెట్టుకోవడానికి దానికి ఎప్పుడూ ఒక క్షణం పడుతుంది.

"పో అన్నా," అంది అంతా విని. "నాయినుంటే పోయెటోడు."

"మంగళారమే."

"మంగళారం గింగళారం ఏందన్నా, ఆమె తండ్రి ముంగట కూసోని ఉన్నది. నా చెవి జెరంతోని పోయింది, ఆయన కత్తెరతోని గాదు. నువ్వే జెర ఇడువు ఇగ."

విడవడానికి కాదు, విడవలేకే బయల్దేరాను. నాయన కత్తిని పటం కింద నుంచి తీసి, కత్తెరతో కలిపి సంచిలో పెట్టుకున్నాను.

కాప్రాలో ఆ అపార్ట్‌మెంటు ముందు షామియానా వేస్తున్నారు. లోపల ఎవరో సన్నగా కీర్తన పాడుతున్నారు. కూతురు నన్ను గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. సారుకు అప్పటికే కోటు తొడిగి పడుకోబెట్టారు. అంత మనిషి ఇంతే అయ్యారు. తెల్లగడ్డం మెడ దాకా పాకి ఉంది.

గోరువెచ్చని నీళ్ళడిగి, కోటు మీద తువ్వాలు కప్పి మొదలుపెట్టాను. పోయినవాళ్ళకు ఈ పని అంతకుముందు రెండు మూడుసార్లు చేశాను, అయినా అలవాటు కాదు. చర్మం లాగితే లాగిన చోటే ఉండిపోతుంది. గొంతు దగ్గరికి వచ్చేసరికి నాయన గుర్తొచ్చాడు. అక్కడ కూడా సరిగ్గానే గీశాను, రెండుసార్లు. రక్తం రాని మనిషికి పటికతో పనిలేదు, అయినా రుద్దాను.

కూతురు మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

"మా అపార్ట్‌మెంటు కిందే మూడు షాపులున్నాయి అన్నయ్యా," అంది. "ఈయన రెండు బస్సులు మారి మీ దగ్గరికే వచ్చేవారు. ఎందుకు నాన్నగారూ అంత దూరం అంటే, 'ఆ పిల్లాడు ఏదో ఒక రోజు తనే చేస్తాడమ్మా' అనేవారు. మీ ఇద్దరి మధ్యా ఏవన్నా జరిగిందా?"

"ఏం లేదు మేడం," అన్నాను.

లోపల మాత్రం ఉడికిపోయాను. అంటే ఆయనకు తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలుసు. ఆ చీటీ ఎప్పుడో చదివే ఉంటారు. కుర్చీలో కూర్చుని నా చెయ్యి కోసం ఎదురుచూశారు కానీ, నోరు తెరిచి 'తప్పయిందిరా' అనడానికి మాత్రం నాలుక తిరగలేదు. క్షమించే పని కూడా నాకే అప్పజెప్పారు, ఇంటిపని ఇచ్చినట్టు.

ఆమెను ఎవరో పిలిచారు. లేచి వెళ్ళింది.

నేను సారు భుజాల కింద దిండు పెట్టి తల కాస్త ఎత్తాను. మంచాన ఉన్న నెల రోజుల్లో జుట్టు పెరిగింది. కోటు కాలరుకు తగులుతోంది. రూలు అందరికీ ఒకటే కదా. కత్తెర తీసి, తల వెనక, నడిమధ్యన, కచ్‌మని ఒక్క కత్తిరింపు వేశాను.

బొటనవేలంత సందు. వేలుపెట్టి చూసుకున్నాను కూడా. నలభై ఏళ్ళ కోపం తీరింది కదా, ఎంతో హాయిగా ఉంటుందనుకున్నాను. ఒక నిమిషం ఉందేమో. తర్వాత ఆ సందు నా కళ్ళకు చెడిపోయిన పనిలా కనబడడం మొదలైంది. నా చేతి పని అలా వదలడం నాకు రాదు, నాయన నేర్పలేదు. దువ్వెన పెట్టి దానికి ఇటు కొంచెం తీశాను. ఇటు తీస్తే అటు ఎత్తయింది. అటు తీశాను. సంతకం పడిన ప్రతి పిల్లవాడికీ నాయన చేసినట్టే తలంతా జుట్టు తగ్గించుకుంటూ వచ్చాను.

"అయిపోయిందా అన్నయ్యా?" అంది కూతురు తలుపు సందులోంచి.

"ఇంకొంచెం ఉన్నది మేడం."

అరగంట పట్టింది. అంతా సమానమైంది కానీ ఆ నడిమి చోటు మాత్రం పూర్తిగా కలవలేదు. కోపంలో వేసిన కత్తిరింపు మరీ లోతుగా దిగింది. వేలితో తడిమితే తెలుస్తుంది. పెట్టెలో తెల్ల దిండు మీద తల ఆనించాక ఎవరికీ కనబడలేదు. మా బడివాళ్ళు వరుసగా వచ్చి చూసి, సారు ఎంత నీటుగా ఉన్నారో అనుకుంటూ వెళ్ళారు. కూతురు నా రెండు చేతులూ పట్టుకుంది. నేను సమాధుల తోటకు వెళ్ళలేదు.

చావింటి నుంచి వచ్చాను కాబట్టి గడప తొక్కకుండా వాకిట్లో నల్లా దగ్గరే కాళ్ళు కడుక్కున్నాను. అప్పటికే మా ఇంటికొచ్చి ఉన్న చెల్లి లోపలి నుంచి తువ్వాలు తెచ్చి నిలబడింది. ఎడమ మడమ పగుళ్ళలో తెల్లవెంట్రుకల కుచ్చు ఒకటి ఇరుక్కుని ఉంది. ఆ గదిలో వట్టికాళ్ళతో నిలబడ్డాను, అప్పుడు తొక్కి ఉంటాను. మూడు చెంబులు పోశాను. కాలు నేలకేసి రుద్దాను. పోలేదు. చివరికి వంగి, గోటితో మెల్లగా తీశాను. అరచేతిలో తడిగా, తేలిగ్గా ఉంది. నా కుచ్చు మీద పడ్డట్టు దీని మీద ఎవరి బూటూ పడలేదు.