షీటులో లేని గెలుపు

ఆ శుక్రవారం మధ్యాహ్నం నా ఎమ్మెస్ థీసిస్ మీద ముగ్గురు ప్రొఫెసర్లూ సంతకాలు పెట్టేశారు. మా ఇంట్లో అంతకుముందు పదో తరగతి దాటినవాళ్ళే లేరు. ఆ కబురు ఎవరికైనా చెప్పకపోతే పొట్ట పగిలిపోయేలా ఉంది. అపార్ట్‌మెంట్‌కి పరిగెత్తి, నాతో ఉండే, నేను అన్నా అని పిలిచే సీనియర్‌కి చెప్పి, లడ్డూలు చేద్దామన్నాను. ఆయన నాకంటే మూడేళ్ళ ముందు అమెరికాలోని ఈ జార్జియా రాష్ట్రానికి వచ్చాడు. నాకు అమెరికన్ ఫుట్‌బాల్ చూడడం నేర్పింది ఆయనే.

"ఆగరా, ఒక్క కబురుకి లడ్డూలేంటి? ఆదివారం మనోళ్ళు సెలెక్ట్ అవనీ. రెండిటికీ కలిపి చేద్దాం," అన్నాడు.

మనోళ్ళంటే మా కాలేజీ టీమ్. ఎనభైల మొదటి రోజులవి. పెద్ద యూనివర్సిటీలకి ప్లేఆఫ్, అంటే సీజన్ చివర ఛాంపియన్ని తేల్చే నాకౌట్ పోటీ, లేదు కానీ మాలాంటి చిన్న కాలేజీలకి ఉండేది. అందులో ఎవరు ఆడాలో ఒక కమిటీ ఫోన్‌లో మాట్లాడుకుని తేల్చేది. మా ఆటలు టీవీలో వచ్చేవి కావు, వాళ్ళు చూసేదల్లా కాగితాలే. చివరి చోటుకి మేమూ, పక్క రాష్ట్రంలోని ఒక కాలేజీ మిగిలాం. చెరి తొమ్మిది గెలుపులు, చెరి రెండు ఓటములు. నా దగ్గర స్టాటిస్టిక్స్ చెప్పించుకుంటూ, నన్ను సరదాగా ప్రొఫెసర్ అని పిలిచే లైన్‌మన్, అంటే ముందు నిలబడి ఎదుటివాళ్ళని అడ్డుకునే ఆటగాడు, ఒకడు మా టీమ్‌లో ఉండేవాడు. అతనికది ఆఖరి సీజన్. సెలెక్ట్ కాకపోతే మళ్ళీ మైదానంలో దిగేది లేదు.

మా క్రీడల డైరెక్టరు ఆ కమిటీలో సభ్యుడు. నాకు ఆయన ఆఫీసులోనే పార్ట్‌టైమ్ ఉద్యోగం. కమిటీకి పంపే షీటు నన్నే తయారుచేయమన్నాడు.

"మన కాలేజీ పేరు వచ్చినప్పుడు నేను ఫోన్ పెట్టేయాలి, అది రూలు. అప్పుడు నీ షీటే మాట్లాడుతుంది," అన్నాడు.

ఆ మాటకి నాలుగు రోజులు నా కాళ్ళు నేల మీద ఆనలేదు. షీటులో వేసినవి గెలుపులు, ఓటములు, ప్రత్యర్థుల బలం, చివరి వరసలో ఎవరు ఎవర్ని ఓడించారన్నది. అక్టోబర్‌లో ఆ పక్క రాష్ట్రం వాళ్ళని వాళ్ళ ఊళ్ళోనే మూడు పాయింట్ల తేడాతో ఓడించాం.

నా థీసిస్ సంతకాలకి ముందురోజు, గురువారం, డైరెక్టరు షీటు చూసి, "పేజీ ఇరుగ్గా ఉంది. ఆ చివరి వరస తీసేయి," అన్నాడు. తీసేసి మళ్ళీ టైపు చేశాను. చదువుకున్న పెద్దాయన ఒకటి చెయ్యమంటే, ఎందుకని అడగడం నాకెవరూ నేర్పలేదు.

ఆదివారం అన్న రవ్వ వేయించాడు, నేను లడ్డూలు చుట్టాను. మూడింటికి రేడియోలో పేర్లు చదివారు. వాళ్ళ పేరు వచ్చింది. మాది రాలేదు.

"మనం ఓడించినోళ్ళని ఎట్లా తీసుకుంటార్రా? నీ షీట్‌లో ఉంది కదా?"

"ఆ వరస తీసేయమన్నారన్నా."

"తీసేశావా? ఎందుకని అడగలే?"

"పెద్దాయన కదా."

అన్న చేతిలోని లడ్డూ మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. "ఎమ్మెస్ అంట," అన్నాడు.

సోమవారం పొద్దున డైరెక్టరు చెయ్యి కలిపి, థీసిస్ అయిపోయినందుకు మెచ్చుకుని, నా డబ్బాలోంచి ఒక లడ్డూ తీసుకున్నాడు. వరస సంగతి అడిగాను.

"అంకెలు అలా ఉన్నాయి, ఏం చేస్తాం. షీటు చేసింది నువ్వేగా," అన్నాడు వేళ్ళు తుడుచుకుంటూ.

జనవరిలో ఆయన ఆ పక్క రాష్ట్రం కాలేజీకే డైరెక్టరుగా వెళ్ళిపోయాడు.

టీములను ఎలా ఎంచాలని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. కొందరు కంప్యూటర్ అంటారు, కొందరు ఓట్లు అంటారు. ఏదైనా పెట్టుకోండి, ఎదురెదురుగా నిలబడి గెలిచినవాళ్ళ వరస అన్నిటికంటే ముందుండాలి. కాగితం దిద్దించినవాడి పేరు దాని కింద రాసి ఉండాలి.

ఆ సోమవారం సాయంత్రం లైన్‌మన్ పాఠానికి వచ్చాడు. డ్రాయర్‌లోంచి మొదటి షీటు తీసి అతని ముందు పెట్టి, ఆ వరస తీసేసింది నేనేనని చెప్పాను. మా గెలుపు మీద వేలు పెట్టాడు.

"నిన్న ఇదెక్కడుంది, ప్రొఫెసర్?"

"ఈ డ్రాయర్‌లోనే."

దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పుస్తకం తెరవకుండానే వెళ్ళిపోయాడు.