బీరువాలో దాచిన నవలలు

మొన్న మదనపల్లెలో మా ఇంట్లో పట్టుచీరలు కాస్త ఆరబెడదామని బీరువా తీశాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఎవరికైనా పెళ్లిళ్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం పుంగనూరు పక్కన నేను హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన ఎలిమెంటరీ బడి గుర్తొస్తుంది. రెండు గదులు, ఇద్దరు టీచర్లం. ఆ రెండో టీచరు ఎవరో కాదు, మా తోటికోడలే. ఇంట్లో నన్ను అక్కా అనేది, బడి గేటు దాటగానే మేడమ్ అనేది. పొద్దున కూర మాడ్చానని దెప్పిన మనిషే గంట తిరక్కుండా సెలవు చీటీ పట్టుకుని నా ముందు వినయంగా నిలబడేది.

ఒక ఏడాది మా చర్చి వాళ్లు అట్టపెట్టె నిండా పిల్లల నవలలు తెచ్చిచ్చారు. రంగురంగుల బొమ్మలు, ఒక్కో నవలా ఒక్కటే కాపీ. అప్పటిదాకా మా బడిలో పాఠ్యపుస్తకాలు తప్ప చదవడానికి ఇంకేమీ లేవు. నేనేం చేశానయ్యా అంటే, వాటికి శుభ్రంగా అట్టలు వేసి, మధ్యమధ్య కలరా ఉండలు వేసి, బడి బీరువాలో పెట్టి తాళం వేశాను. శెనక్కాయలు తిన్న చేతులతో పట్టుకుంటే ఏం మిగులుతాయని నా బాధ. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, వాటిని చూసుకుని మురిసింది నేనొక్కదాన్నే.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఆ ఉత్సాహంలో బిస్కెట్ పొట్లం, బస్సు బోర్డు, గోడమీది ప్రకటన, ఏది కనబడితే అది చదివేసేది. హాజరుపట్టీ కోసం నేను బీరువా తీసినప్పుడు ఏనుగు బొమ్మ ఉన్న నవల దాని కంటబడింది. ఇక ప్రతి శనివారం వచ్చేది.

"మేడమ్, ఆ ఏనుగు పుస్తకం ఈ వారమన్నా ఇస్తారా?"

ఇస్తాలే, ఇస్తాలే అంటూ ఏడాదిన్నర గడిపాను. ఐదో తరగతి సగంలో ఉండగా వాళ్ల నాన్నకు కుప్పం దగ్గర గ్రానైట్ పని దొరికి కుటుంబమంతా వెళ్లిపోయారు. టీసీకి వచ్చిన రోజు కూడా ఆ పిల్ల బీరువా వైపే చూసింది. అప్పుడూ నేను ఇవ్వలేదు.

ఆ వారమే మా తోటికోడలు నేను లేని సమయం చూసి తాళం తీసింది. వాళ్ల నాన్న చర్చిలో చిరిగిన కీర్తనల పుస్తకాలు కుట్టేవాడు. ఆ పని ఆమెకూ వచ్చు. ఏనుగు నవలను విప్పి, ఒక్కో అధ్యాయాన్నీ దబ్బనంతో విడిగా కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్టగా వేసి తొమ్మిదిమంది పిల్లలకు ఇచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. బంగారంలాంటి పుస్తకం ఎందుకు చింపావని అరిచాను.

"సింపలేదక్కా, పంచినాను" అంది. బడిలో నన్ను అక్కా అనడం అదే మొదలు.

మూడు రోజులు ఇంట్లో మా ఇద్దరికీ మాటల్లేవు, గిన్నెల చప్పుళ్లే. బడిలో మాత్రం ఐదో అధ్యాయం దొరికినవాడు నాలుగోది ఎవరి దగ్గరుందా అని వెతుక్కునేవాడు. దానికోసం మధ్యాహ్న భోజనంలో తన గుడ్డు కూడా ఇచ్చేసేవాడు. ఆఖరి అధ్యాయం ముందే చదివేసినవాడు ఎక్కడ ముగింపు చెప్పేస్తాడో అని క్లాసంతా వాడికి కాపలా. నాలుగో రోజు మిగతా నవలలు నేనే దించి, దారం పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

ఆ పిల్ల మాత్రం నా మనసులోంచి పోలేదు. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ మరో ఏడాదిన్నరకు, అదే నవల కొత్తది కొనుక్కుని కుప్పం బస్సెక్కాను. తమిళనాడు సరిహద్దు కదా, ఇంటి పక్కన ఉన్నది తమిళ బడి కావడంతో ఆ పిల్లను అందులోనే చేర్చారట. అట్ట చూడగానే దాని మొహం వెలిగిపోయింది. మొదటి వాక్యం కింద వేలు పెట్టి, రెండు మాటలు కూడబలికి ఆగిపోయింది.

"తెలుగు మర్సిపోతాండాను మేడమ్. మీరే సదివి సెప్పండి."

అరుగు మీద కూర్చుని చదివాను. వాళ్లమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. మధ్యలో ఏడుపొచ్చి, దగ్గినట్టు నటించాను. ఆ పిల్ల ఏనుగు బొమ్మ మీద చెయ్యి తీయకుండా వింది. సాయంత్రం బస్సు వేళకు ఇంకా సగం మిగిలే ఉంది. పుస్తకం నలగకుండా నేను కాపాడుకున్న ఏడాదిన్నరే ఆ పిల్లకు తెలుగు చదువు నిలబడాల్సిన వయసు. అది నాకు తెలిసేసరికి నాకు రిటైరయ్యే వయసొచ్చింది.