సత్యవేడు పులి, చిత్తూరు మేక

మొన్న ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయి ఇల్లంతా కునుకు తీస్తున్న వేళ, మా మనవరాలి గదిలోంచి "ఎనకాల ఉండాడు, ఎనకాల ఉండాడు, కాపాడండ్రా!" అని కేక వినిపించింది. దొంగ దూరాడేమోనని చేతికందిన అట్లకాడ పట్టుకుని పరుగెత్తాను. తీరా చూస్తే పిల్ల కంప్యూటర్ ముందు బాసింపట్టు వేసుకుని, చెవులకు డొప్పలు, నోటి ముందుకు వంగిన చిన్న కడ్డీ తగిలించుకుని ఎవరితోనో యుద్ధం చేస్తోంది. ఆ జట్టులో దీనితో కలిపి నలుగురట. ఒకడిది పూణే, ఒకమ్మాయిది అస్సాం, నాలుగో మనిషిది ఏ ఊరో దీనికే తెలియదు. రెండేళ్లుగా కలిసి ఆడుతున్నారట. ఎప్పుడైనా చూశావా వాళ్లని అంటే లేదంది. మరి వాళ్లేనని ఎట్లా తెలుస్తుందంటే "గొంతు తెలుసు కదవ్వా" అంది. ఆ వెంటనే జాలిపడి, ఇదంతా నాకు అర్థం కాదులెమ్మని కూడా అంది. నేను అట్లకాడ పక్కన పెట్టి, ఆ డొప్పలు ఒకసారి ఇమ్మని అడిగి తలకు తగిలించుకున్నాను. కడ్డీ సరిగ్గా నోటి ముందుకు వచ్చి నిలిచింది. అటువంటిది నా తల మీద నుంచి దిగి నలభై ఏళ్లవుతోంది. నా ప్రమేయం లేకుండానే "నంబర్ ప్లీజ్" అనేశాను. అవతల పూణే అబ్బాయి పడీ పడీ నవ్వాడు.

డెబ్బైల చివర్లో నేను చిత్తూరు ట్రంకు బోర్డు మీద ఆపరేటర్ని. అప్పట్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోను చేయాలంటే ముందు మాకు చెప్పి బుక్ చేసుకోవాలి. మేము ఒక తీగకున్న ప్లగ్గులు రెండు కొసలా గుచ్చి ఈ ఊరిని ఆ ఊరితో కలిపేవాళ్లం. మామిడికాయల కాలంలో మాకు ఊపిరాడేది కాదు. మండీల వాళ్లు మద్రాసుతో మాట్లాడే తీరు చూస్తే, అసలు వీళ్లకు ఫోనెందుకు, మిద్దె మీదికెక్కి అరిస్తే సరిపోదా అనిపించేది. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం వేరు. కోర్టులుండవు, ఆఫీసులుండవు, మండీలు కూడా ఓ కన్ను మూస్తాయి. అప్పుడు పక్క ఊళ్ల ఆపరేటర్లం ఒకరినొకరం పలకరించుకునేవాళ్లం. మాకు పేర్లతో పనిలేదు. ఎవరిది ఏ ఊరైతే ఆ ఊరే వాళ్ల పేరు. "ఏం చిత్తూరూ, తిన్యావా?" అని పుత్తూరు అడిగేది. కాళాస్తి గలగలా మాట్లాడేది, ఏర్పేడుకు నవ్వు ఎక్కువ. ఒకసారి నేను అన్నం తింటూ పుత్తూరుకు మూడు రోజులుగా జ్వరమని బాధపడితే, మా అమ్మ ఊరికంతా ఏదో రోగం తగిలిందనుకుని, ఆ వారం పుత్తూరు ప్రయాణం మానుకుంది.

ఆట మొదలుపెట్టింది సత్యవేడు. ఆమె మా అందరికన్నా పదేళ్లు పెద్ద, అందుకే ఆమెను ఒట్టి ఊరిపేరుతో పిలవడానికి నోరు రాక సత్యవేడక్క అనేవాళ్లం. సగం తెలుగూ సగం అరవమూ కలిసి, కాస్త బొంగురుగా ఉండే గొంతు. ఒక ఆదివారం ఏమీ తోచక, పులిజూదం వచ్చునా అని లైన్లో అందరినీ అడిగింది. రాకుండా ఎట్లా ఉంటుంది, మా సీమలో అరుగు బండ ఉన్న ప్రతి చోటా ఆ గీతలు గీసే ఉంటాయి. కొండ ఆకారంలో గీతలు, అవి కలిసే చోట ఇరవైమూడు చుక్కలు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి తన పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ చుక్కలోకి దూకితే ఆ మేక చచ్చినట్టు. మూడు పులులనూ కదలనివ్వకుండా చుట్టుముడితే మేకలు గెలిచినట్టు. అక్క చేసిన గొప్ప పని ఏమిటంటే, ఆ చుక్కలకు పై నుంచి కిందికి నంబర్లు వేయించడం. ప్రతి ఎక్స్ఛేంజిలోనూ పాత డైరెక్టరీ అట్ట మీద అదే పటం, అవే నంబర్లు. పులులకు గచ్చకాయలు, మేకలకు చింతపిక్కలు. "మేక పన్నెండు" అని చిత్తూరులో నేనంటే, పుత్తూరులో, కాళాస్తిలో, ఏర్పేడులో, సత్యవేడులో, నాదానితో కలిపి ఐదు చింతపిక్కలు ఒకేసారి పన్నెండో చుక్క మీద కూర్చునేవి. నిజం చెప్పాలంటే ఒళ్లు జలదరించేది నాకు. నియమం ఒక్కటే: కాల్ వస్తే ఆట ఆగాలి. ఎవరూ గొణగకూడదు.

చిత్తూరు బోర్డుకు అన్ని ఊళ్ల లైన్లూ వచ్చేవి కాబట్టి అందరినీ ఒక్కచోట కలిపే పని నాది. దాంట్లో ఒక చిక్కుంది. లైన్లో ఇంకో ఊరు చేరిన కొద్దీ గొంతు సన్నబడిపోతుంది. ఇద్దరం ఉంటే పక్క గదిలోంచి మాట్లాడినట్టుంటుంది, ఐదూళ్లు కలిస్తే బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఎవరైనా చడీ చప్పుడు లేకుండా వచ్చి వింటూ కూర్చున్నా అక్క ఇట్టే పట్టేసేది. "గొంతు సన్నబడె. ఎవురో వచ్చినారు, సూడు పాపా" అనేది. నన్ను ఆమె పాపా అనేది, తక్కినవాళ్లు మేకపిల్ల అనేవాళ్లు. కారణం తెలిసిందే, నేను అక్క మీద ఒక్క ఆటా గెలవలేదు. పులులు తీసుకున్నా ఓడాను, మేకలు తీసుకున్నా ఓడాను. నాకు ఆట మీద పెద్ద పట్టు లేదు, ఆ గోల కోసం, ఆ నవ్వుల కోసం కూర్చునేదాన్ని. మా సూపర్వైజరమ్మ గండు చీమలాంటి మనిషి. ఆమె బూట్ల చప్పుడు వింటే అట్టను రిజిస్టరు కింద దాచేదాన్ని. ఒకనాడు బూట్లు లేకుండా వచ్చింది. నా వెనకాల నిలబడి ఎంతసేపు చూసిందో ఏమో, చివరికి వంగి నా చెవిలో "ఆ మేకను ఆడ పెట్టొద్దు, పోతాది. ఈడ పెట్టు" అంది. ఆ రోజు నుంచి ఆమె కుర్చీ నా పక్కనే.

తర్వాత కొన్నేళ్లకు ఒక్కో ఊరికీ ఆటోమేటిక్ మెషిన్లు రావడం మొదలైంది. మాలో మొదటి వంతు సత్యవేడుది. సోమవారం పొద్దున మెషిన్ మొదలవుతుంది, అక్కను నెల్లూరు వైపు బదిలీ చేస్తారు. ఇక మిగిలింది ఒకే ఒక్క ఆదివారం. ఆ సంగతి విన్నాక నాకు ఎక్కడలేని పట్టుదల వచ్చింది. ఆమె వెళ్లేలోపు ఒక్కసారైనా గెలవాలి. వారమంతా ఇంట్లో మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఆడాను, వాడు చింతపిక్కలు కనబడితే పారిపోయే దాకా ఆడాను. పుత్తూరు నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందని అన్నాను.

ఆ ఆదివారం ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. రెండు గంటలకల్లా అన్ని ఊళ్లూ లైన్లో ఉన్నాయి. సెలవులో ఉన్న ఏర్పేడు కూడా పనిగట్టుకుని వచ్చి కూర్చుంది. అక్క గొంతు దారమంత సన్నగా ఉంది. "శానామందే ఉండారే" అంది, సంతోషమో దిగులో తెలియలేదు. పులులు ఆమెవి, మేకలు నావి. మొదటి అరగంటలో నాలుగు మేకలు పోయాయి. తర్వాత ఏమైందో, నా చేయి తిరిగింది. ఒక పులిని శిఖరం మీద కట్టేశాను. రెండోదాన్ని కింద మూలకు తరిమి కట్టేశాను. కాళాస్తి ఊపిరి బిగబట్టడం నాకు వినబడుతోంది. మూడో పులి ఎడమ అంచున పద్నాలుగో చుక్కలో ఉంది. దాని పైన ఎనిమిదిలో నా మేక, పక్కన పదిహేనులో నా మేక. పదిహేనును దూకాలంటే దానికి పదహారు ఖాళీగా ఉండాలి. అది మూసేస్తే మూడు పులులూ కట్టుబడినట్టే అనుకున్నాను. సూపర్వైజరమ్మ నా భుజం పట్టుకుని నలిపేస్తోంది. "మేక పదహారు!" అని అరిచాను. ఆ అరుపు ఫోను లేకుండానే సత్యవేడుకు వినబడి ఉంటుంది.

అవతల నుంచి అక్క గొంతు వచ్చింది, అది ఆటలోని గొంతు కాదు. "పాపా, కాల్ వచ్చింది. ఒక పిల్లకు కాన్పు కష్టమైందంట, తిరుపతి ఆస్పత్రికి ఎత్తకపోతా ఉండారు. మొగుడు చిత్తూర్లో ఉండాడు, ఆయప్పను ఆడికి రమ్మనాల. లైను ఖాళీ సెయ్యి." సత్యవేడుకు ఉన్నది ఒకే లైను. నేను ప్లగ్గులు ఒక్కొక్కటే పీకాను. పుత్తూరు పోయింది, కాళాస్తి పోయింది, ఏర్పేడు పోయింది. ఒక్కో ప్లగ్గు పీకినప్పుడల్లా అక్క గొంతు పెద్దదవుతూ వచ్చింది. చివరికి మేమిద్దరమే మిగిలినప్పుడు ఆమె నా పక్కన కూర్చున్నంత దగ్గరగా వినిపించింది. అన్నేళ్లలో ఆమె గొంతు అంత నిండుగా విన్నది అదే. ఆ గొంతుతో ఆమె నాకు చెప్పింది ఒక ఫోను నంబరు. కలిపాను. వాళ్ల మాటలు అయ్యేసరికి ఇంకో రెండు కాల్స్ వచ్చాయి, ఆ తర్వాత డ్యూటీ మారింది. గెలిచిన ఉద్వేగంలో అక్కకు పోయొస్తానని కూడా చెప్పలేదు. ఆ సంగతి మర్నాడు, సత్యవేడు లైన్లో మెషిన్ బుర్రుమన్నప్పుడు గుర్తొచ్చింది.

అయినా గెలుపు గెలుపే. పదిహేను రోజులు నేను భూమ్మీద నడవలేదు. సూపర్వైజరమ్మ మైసూర్‌పాకు పంచింది. మేకపిల్ల పేరు పోయి పుత్తూరు నన్ను చిత్తూరు దొరసాని అనడం మొదలుపెట్టింది. అప్పుడొచ్చింది పోస్టు కార్డు. పైన చిత్తూరు ఎక్స్ఛేంజి పాపకు అని మాత్రమే ఉంది. లోపల పెన్సిల్‌తో గీసిన పటం, దాని కింద నాలుగు ముక్కలు: "ఆ పొద్దు ఆడబిడ్డ పుట్టింది. తల్లీబిడ్డా బాగుండారు. పులి ఎనిమిదిని దూకి రెండుకు వచ్చింది. ఎనిమిదిలో మేక పాయ. ఇంక నీ వంతు." నేను అట్ట తీసి చింతపిక్కలు పేర్చి చూశాను. పదహారు మూశాను, బాగానే ఉంది. పైన రెండో చుక్క ఖాళీగా పెట్టాను! ఎనిమిదిలో ఉన్న మేక మీదుగా పులి దూకడానికి దర్జాగా దారి వదిలాను. ఐదూళ్లు ఊపిరి బిగబట్టి చూస్తే ఒక్కరికీ కనబడలేదు, ఒక్క ఆమెకు తప్ప. ఆమె ఆ రోజే ఆ మాట అనగలిగేది. లైను అడిగింది గానీ ఆట అడగలేదు. మైసూర్‌పాకు తిన్నవాళ్లకు ఏం చెప్పాలో తెలియక నేను కుక్కిన పేనులా ఊరుకున్నాను.

ఆమె కొత్త చిరునామా కనుక్కోవడం నాకు ఒక్క నిమిషం పని, ఊళ్లను కలపడమే నా ఉద్యోగం. కనుక్కున్నాను కూడా. జవాబు మాత్రం రాయలేదు. రాస్తే మూడు కార్డుల్లో ఓడిపోతానని తెలుసు. ఓడడం నాకు కొత్త కాదు, ఆట అయిపోవడమే నాకు ఇష్టం లేకపోయింది. ఇది మంచి పనో పిచ్చి పనో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆమె కూడా అడగలేదు. నా వంతు కోసం ఎదురు చూసిందేమోనన్న దిగులు మాత్రం నన్ను వదలలేదు.

ఇదంతా విన్నాక మా మనవరాలు డొప్పలు మెడలో వేలాడేసుకుని "ఇంతకీ ఎవరు గెలిచినారవ్వా?" అంది. ఆట నడుస్తోంది, వంతు నాదే అన్నాను. అది నన్ను వింతగా చూసి, నా చేయి ఒకసారి గట్టిగా పట్టుకుని, మళ్లీ తన జట్టులోకి వెళ్లిపోయింది. ఈ మధ్య సత్యవేడక్క గొంతు తలచుకుంటే చాలా సన్నగా వినిపిస్తోంది. వయసు మీద పడితే ఎవరి గొంతయినా అట్లాగే చెదిరిపోతుందని అంటారు. ట్రంకు బోర్డు మీద కూర్చున్నదాన్ని, నా లెక్క నాకుంది: గొంతు అంత సన్నబడిందంటే, మా వాళ్లందరూ లైన్లోకి వచ్చేసినట్టే.