తమ్ముడు తిప్పి పెట్టిన యాంటెన్నా

మా అమ్మా నాన్నా మూడు నెలల పాటు చుక్కలు చూశారు. రోజూ సాయంత్రం ఏడింటికి టీవీ పెట్టుకుని, వార్తల వేళ ముగిసేదాకా ఆ తెర ముందు కూర్చుని, అరగంట కాగానే కట్టేసేవారు. తెర మీద నల్లవీ తెల్లవీ చుక్కలు తప్ప ఏమీ లేదు. గదంతా సముద్రం హోరు లాంటి చప్పుడు. నేనుండేది టెక్కలిలో. అమ్మానాన్నలుండే మా ఊరు జలంత్రకోటకి నెలకి రెండు ఆదివారాలు వెళ్లి, వాళ్ల మందులు సర్ది, చీకటి పడకముందే బస్సెక్కేస్తాను. అందుకే ఈ సంగతి నా కంట పడలేదు. ఒకనాడు బస్సు తప్పి ఉండిపోయాను, అప్పుడు చూశాను.

ఇద్దరూ కళ్లార్పకుండా ఆ చుక్కల్లోకి చూస్తున్నారు. నాన్న మధ్యమధ్య తల కూడా ఊపుతున్నాడు.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. భయం వేసినా అది కోపంగానే బయటికొస్తుంది. గట్టిగా అరిచాను. టవర్ నుంచి వచ్చే పాత ప్రసారాలు ఆపేశారనీ, బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆ యాంటెన్నాకి ఇక బొమ్మ రాదనీ, ఊరంతా ఎప్పుడో డిష్షులు పెట్టించుకుందనీ చెప్పాను. నాన్న తెర మీంచి చూపు మరల్చలేదు.

“గాలి వాటం మారితే వత్తాదిలే అమ్మీ,” అన్నాడు.

గాలిదే తప్పనుకుంటే డాబా ఎక్కి ఎవరిచేతైనా తిప్పించి చూడాల్సింది కదా అన్నాను. అమ్మ లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదని నాకు తెలుసు.

ఆ యాంటెన్నా మా తమ్ముడిది. నాకంటే నాలుగేళ్లు చిన్న. జీడితోట, కొబ్బరితోట వాడే చూసుకునేవాడు. ఏడేళ్ల కిందట కిడ్నీలు పాడై చనిపోయాడు. ఇంటింటా ఆ జబ్బే ఉన్న మా ఉద్దానంలో ఆ మాట చెబితే ఎవరూ ఎలాగని అడగరు, ఎన్నాళ్లు పడ్డాడని మాత్రం అడుగుతారు.

వాడున్నప్పుడు మా ఇంట్లో టీవీ చూడడం ఇద్దరు మనుషుల పని. సముద్రం గాలికి యాంటెన్నా ఊరికే పక్కకి తిరిగిపోయేది. వాడు డాబా మీద పైపు పట్టుకుని తిప్పుతూ, “వచ్చినాదేటమ్మా?” అని కేకేసేవాడు. అమ్మ తెర ముందు కూర్చుని, “రానేదు,” అనేది. మళ్లీ తిప్పేవాడు, మళ్లీ అడిగేవాడు. బొమ్మ కుదిరిందని అమ్మ చెప్పేదాకా దిగేవాడు కాదు. ఆ కేకలు వింటే ఎదురింటివాళ్లకి మా ఇంట్లో వార్తలు మొదలవుతున్నాయని తెలిసేది.

తర్వాతి ఆదివారం పలాస నుంచి మెకానిక్‌ని వెంటబెట్టుకు వెళ్లాను. డిష్షు, బాక్సు, కొత్త వైరు అన్నీ తెచ్చాడు. డాబా మీద గట్టి ఆధారం యాంటెన్నా పైపొక్కటే. ఈ తుక్కు విప్పేసి దానికే బిగిస్తానని పానా తీశాడు. మోకాళ్ల నొప్పులతో ఏడాదిగా మెట్లెక్కని మా అమ్మ, ఎప్పుడొచ్చిందో, వచ్చి ఆ పైపు పట్టుకుని నిలబడింది. అతను నా మొహం చూశాడు. నేను తల దించుకున్నాను. చివరికి రెండో కొసన, పిట్టగోడకి డిష్షు బిగించి, ఇక్కడ పట్టు చాలదు, గాలికి కదులుతుంది, తర్వాత నన్నేమీ అనొద్దని చెప్పి వెళ్లిపోయాడు.

అతను గేటు దాటాడో లేదో నేను అమ్మ మీద పడ్డాను. ఆ తుప్పు కడ్డీల్ని పట్టుకు వేళ్లాడితే తమ్ముడు తిరిగొస్తాడా అని అడిగేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

అమ్మ ఏడవలేదు. మెట్టు మీద కూర్చుని, మోకాలు రాసుకుంటూ, ఏడేళ్లుగా నాకు చెప్పని సంగతి చెప్పింది. ఆ చివరి రోజు డయాలసిస్‌కి బయల్దేరేముందు తమ్ముడు డాబా ఎక్కాడట. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. వద్దంటే వినలేదు. నేనొచ్చేసరికి రాత్రవుతుంది, మీరు వార్తలు చూసుకోవాలి కదా అన్నాడట. తెర మీద ఒక్కో మనిషి ఇద్దరిలా కనబడుతున్నాడు, అసలు మనిషి పక్కనే వాడి నీడ. ఎంత తిప్పినా ఆ నీడ పోలేదు. పైనుంచి తమ్ముడి ఆయాసం గదిలోకి వినబడుతోంది.

“తట్టుకోనేక, వచ్చినాదిరా సిన్నోడా, దిగిపో అనీసినాను,” అంది అమ్మ. “ఆడు నమ్మీసి, గాలికి కదలకండా తీగతో గట్టిగా కట్టీసి దిగిపోనాడు. మరి తిరిగి రానేదు. ఇప్పుడు దాన్ని తిప్పితే, అమ్మ అబద్ధమాడిందని ఆడికి తెలిసిపోదేటి?”

అప్పుడు నాకు గుర్తొచ్చింది. వాడు పోయాక అన్నేళ్లూ మా టీవీలో ప్రతి మనిషికీ పక్కన ఒక నీడ ఉండేది. పండక్కొచ్చి రాత్రి ఉన్నప్పుడు, ఒకరి జీతానికి ఇద్దరు వార్తలు చదువుతున్నారని నేనే వేళాకోళం చేశాను. అమ్మ నవ్వలేదు. ఆ నీడ వైపే చూస్తూ కూర్చునేది.

డిష్షు రెండు వారాలు బాగానే పనిచేసింది. ఒక్కో మనిషి ఒక్కడిగానే కనిపించాడు. కొత్త బొమ్మ చాలా శుభ్రంగా ఉందని నాన్న నాకు ఫోన్‌లో చెప్పాడు. అమ్మ చూస్తోందా అంటే, కూర్చుంటోంది అన్నాడు.

మూడో ఆదివారం వెళ్లేసరికి తెర మీద సిగ్నల్ లేదని రాసి ఉంది. మెకానిక్ చెప్పినట్టే గాలి డిష్షుని కదిపేసింది. అతనికి ఫోన్ చేస్తే, ఎవరినైనా తెర ముందు కూర్చోబెట్టి మీరే కాస్త కాస్త జరపండి, దొరికిపోతుందన్నాడు. అమ్మని కూర్చోబెట్టి డాబా ఎక్కాను. మిట్టమధ్యాహ్నం. కొబ్బరి చెట్ల మీంచి గాలి తెరలు తెరలుగా వస్తోంది. డిష్షు అంచు పట్టుకుని వెంట్రుకవాసి జరిపి, చూడమ్మా అందామనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“వచ్చినాదేటమ్మా?”

కింద నాన్న దగ్గు ఆగిపోయింది. ఏడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ అడగని మాట అది. తర్వాత అమ్మ గొంతు వినబడింది.

“రానేదు.”

ఇంకాస్త జరిపాను. అడిగాను. రానేదంది. మూడోసారి జరిపేసరికి కిటికీలోంచి సంగీతం, ఆ వెనకే వార్తలు చదువుతున్న అమ్మాయి గొంతు తేటగా పైకొచ్చాయి. “వచ్చినాది కదే,” అని నాన్న మెల్లగా అనడం కూడా విన్నాను. నట్టు బిగించేశాను. దిగిపోయేముందు ఊరికే, మాటవరసకి, మరోసారి అడిగాను.

“రానేదు,” అంది అమ్మ. “దిగిపోకు సిన్నోడా. ఇంకా తిప్పు.”

వార్తలు వినబడుతూనే ఉన్నాయి. నేను డిష్షు వదిలేసి డాబా అవతలి కొసకి నడిచాను. ఎండకి కాలిపోతున్న ఆ పాత పైపుని రెండు చేతులా పట్టుకున్నాను.

“తిప్పుతన్నానమ్మా,” అన్నాను. పైపుని మాత్రం కదపలేదు.