చిన్నబాపు చెప్పిన ఇంగ్లీషు బొమ్మ

నా చిన్నప్పుడు మా నాన్న తమ్ముడు చిన్నబాపు ఒక ఇంగ్లీషు సినిమా కథను మా గని కాలనీ జనానికంతా తప్పుగా చెప్పాడు. తెలిసే చెప్పాడు.

బెల్లంపల్లిలో క్లబ్బు మైదానంలో తెర కట్టి అప్పుడప్పుడు పాత అమెరికా హాస్య చిత్రాలు వేసేవారు. ఆ దేశంలో పనులు పోయి, జనం రొట్టె కోసం వరుసల్లో నిలబడ్డ రోజుల్లో నవ్వించడానికి తీసినవట. దొరలు కుర్చీల్లో, మేము నేల మీద. చిన్నబాపు బొగ్గుబావిలో పనికి దిగకముందు దొరల బంగళాలో పనిచేసి, వాళ్ల ఇంగ్లీషు వింటూ పట్టుకున్నాడు. అందుకని తెర పక్కన నిలబడి మాకు కథ చెప్పే పని ఆయనదే.

ఆ ఏడు గనిలో కప్పు కూలి మా బాపు పోయాడు. మేము అవ్వ అని పిలిచే అమ్మ నవ్వడం మానేసింది, అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేది. చిన్నబాపే ఆమెను బలవంతాన బొమ్మకు తీసుకొచ్చాడు.

తెర మీద ఒక పెద్దింటి వంటమనిషి కన్నీళ్లు పెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. చిన్నబాపు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "దొరా, నీ కూర నువ్వే వండుకో, నేను పోతున్న అంటుంది!"

జనం గొల్లుమన్నారు. నాకు అనుమానం వచ్చింది. అంత ఏడుపుకు ఇంత చిన్న మాటా? ఆ తర్వాత దొర గరిటె పట్టుకుని దిక్కులు చూస్తుంటే, "ఉప్పు డబ్బా యాడున్నదో తెలుస్తలేదు పాపం!" అన్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను మాత్రం చిన్నబాపునే అనుమానంగా చూస్తూ కూర్చున్నాను.

బడి మధ్యలోనే ఆగినా, కిరాణా పొట్లాలు కట్టిన ఇంగ్లీషు పేపర్లు విప్పి కూడబలుక్కుంటూ చదువుకున్నాను. కొన్నేళ్లకు అదే బొమ్మ మళ్లీ వేశారు. వంటమనిషి తనను పనిలోంచి తీసేయొద్దని దొర కాళ్లావేళ్లా పడుతోంది! ఆమెను వెళ్లగొట్టాకే దొర గరిటె పట్టాడు.

ఒళ్లు మండి నేరుగా చిన్నబాపు ఇంటికి పోయాను.

"గింత మందిని మోసం జేసినవ్. ఇంగ్లీషు రాకుంటే రాదని చెప్పకపోయినవా?"

నేటికీ ఎవరు ఏ కథ చెప్పినా అనుమానంగానే వింటాను. ఆ బుద్ధి పోలేదు. కానీ ఆ రోజు చిన్నబాపు తంబాకు నలుపుతూ, నా మొహం కూడా చూడకుండా చెప్పినదాన్ని మాత్రం అనుమానించలేదు.

"గామె బతిమాలుతుందని నాకు తెల్వదారా? నేను గట్ల చెప్పిన రాత్రి ఇంటికొచ్చి మీ అవ్వ మారు వడ్డించుకొని తిన్నది. గా సంగతి నీ బొమ్మల ఉన్నదా?"