కొబ్బరికొట్టు వెనక నేను కనిపెట్టిన కొండ

కోనసీమలో కొండను కనిపెట్టిన మొదటివాణ్ణి నేనే. అప్పుడే నవ్వకండి, నవ్వాల్సిన ఘట్టం ఇంకా రాలేదు. ఆ కొండ నా పరువునీ, ఓ పెద్దావిడ కొబ్బరికొట్టునీ కలిపి ముంచబోయింది.

అప్పటికి నేను కొత్త ఇంజనీరుని. అంబాజీపేట పక్క ఊళ్ళో, వాన పడితే చాలు, సత్యవతిగారి కొట్టులోకి నీళ్ళొచ్చి ఎండుకొబ్బరి బూజు పట్టేది. ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే కొట్టు మూసేస్తానన్నారావిడ. కాలువ డిజైన్ నా చేతికొచ్చింది. కాగితం మీద తేలే లెక్కే. కానీ నేను కాగితం ముట్టే రకమా? శాటిలైట్ కొలిచిన ఎత్తుపల్లాలు తీసుకుని, వాన నీటి దారిని రంగుల్లో చూపించే సాఫ్ట్‌వేర్ పట్టుకొచ్చి, పంచాయతీ ఆఫీసు గోడమీద బొమ్మ వేశాను.

"చూడండి, కొట్టు వెనక ముప్పై అడుగుల కొండ ఉంది. నీళ్ళన్నీ దాని మీంచే వస్తున్నాయి. అక్కణ్ణించి రోడ్డువైపు కాలువ తవ్వాలి."

సర్పంచిగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "కొండాండీ? మన ఊళ్ళోనా?"

"ఆయ్, అది మా కొబ్బరితోటండీ," అన్నారు సత్యవతిగారు. "కాపురానికొచ్చి నలభై ఏళ్ళయ్యింది, కొండెప్పుడూ కనపళ్ళేదండీ."

"రోజూ చూసేవాళ్ళకి తెలియదు పిన్నిగారూ. శాటిలైట్ అబద్ధం చెప్పదు."

"అయితే ఓసారెక్కి చూపించండి బాబూ."

ఊరు ఊరంతా వెంట వచ్చింది. తోటలో అడుగు పెట్టానో లేదో, చెట్ల వరసల మధ్య తవ్విన బోదెలో మోకాళ్ళదాకా దిగబడ్డాను. తలెత్తితే కనిపించింది నా కొండ. ముప్పై అడుగుల ఎత్తున, గెలలతో సహా, గాలికి ఊగుతోంది! పాపం శాటిలైట్, పైనుంచి చెట్ల తలలు చూసి అదే నేలనుకుంది. రెండు కళ్ళూ ఉన్న నాకేమైంది? సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కాలువే తవ్వించి ఉంటే రోడ్డు మీద నీళ్ళన్నీ నేరుగా కొట్టులోకే వచ్చేవి.

మర్నాడు తాపీమేస్త్రినీ, ఆయన లెవెల్ గొట్టాన్నీ వెంటబెట్టుకుని వెళ్ళాను. నీళ్ళు నింపిన ఆ గొట్టం క్షణంలో తేల్చేసింది, రోడ్డే ఎత్తు, తోటే పల్లం. బుద్ధిగా కాగితం మీద లెక్క వేసి, కాలువను రోడ్డునుంచి తోట పక్కగా వెనకున్న మురుగుకాలువలోకి తిప్పాను.

తొలి పెద్ద వానకి గొడుగేసుకుని కొట్టు ముందు కాపలా కాశాను. నీళ్ళు నేను గీసిన దారినే పోయాయి. కొట్టులో ఒక్క చుక్క లేదు! ఆ వానలోనే గంతులేశాను. సత్యవతిగారు ఓ గెల తెప్పించి నా ముందు పెట్టారు.

"తీసుకోండి బాబూ. మీ కొండమీద కాసినవేనండీ, ఇందాకే కోయించేను."

ఆ గెల మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ సాఫ్ట్‌వేర్ ఏ కొండ చూపించినా, ముందు బోదెలో దిగి చూడందే నోరు విప్పను.