ఎవరో రాని రోజు పాఠం

లండన్ శివారు హౌన్స్‌లోలో మా ఇంటికి రెండు బస్సు స్టాపుల అవతల ఒక కాలేజీ ఉంది. యూనివర్సిటీ కాదు. స్కూలు వదిలిన పదహారేళ్ల పిల్లలు, ఎయిర్‌పోర్టులో షిఫ్టులు చేసే పెద్దవాళ్లు వచ్చి ప్లంబింగో, తాపీపనో నేర్చుకుంటారు. తప్పిన లెక్కల పరీక్ష మళ్లీ రాస్తారు. అక్కడ ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక వాళ్లే పిలిచి, టీచర్లలో తక్కువగా కనిపించే వర్గాల నుంచి కొత్త టీచర్లను తయారుచేసే పథకం పెట్టాం, మీరు వాళ్లకు దారి చూపించండి అన్నారు. ఒప్పుకున్నాను. ఆ ఒప్పుకోవడం మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు.

నాకు అప్పగించినవాళ్లలో నాలుగో అమ్మాయిది నల్గొండ. మాస్టర్స్ చదవడానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, చంటిపిల్లతో, గోడౌన్‌లో పార్సిళ్లు సర్దుతూ టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసింది. ఆమెకు కావలసింది ఒక్కటే. సెప్టెంబరులో మొదలుపెట్టి జూన్‌లో పరీక్ష దాకా తీసుకెళ్లే సొంత క్లాసు. కాలేజీ ఇచ్చింది కవర్. ఏ టీచరైనా జబ్బుపడితే ఆ ఒక్క రోజుకు వెళ్లి పాఠం చెప్పడాన్ని కవర్ అంటారు. పొద్దున ఏడింటికి ఫోన్ వస్తుంది. తొమ్మిదింటికి బోర్డు ముందు ఉండాలి.

మొదటి రోజు నేనిచ్చిన సలహా నా డైరీలో ఉంది: 'ఏ కవర్‌కూ కాదనవద్దని చెప్పాను. అవసరానికి ఆదుకున్నవాళ్లను వాళ్లు మరిచిపోరు.'

ఆమె కాదనలేదు. రెండేళ్లలో నలభై మూడు కవర్లు. పాపకు జ్వరమొచ్చిన రోజు పక్కింటి ఆంటీ దగ్గర వదిలి మరీ వెళ్లింది. నేను కొన్నిసార్లు వెనక కూర్చుని, నా అలవాటు ప్రకారం నిమిషాల లెక్కన రాసుకునేదాన్ని. ఒక రోజు తాపీపని కుర్రాళ్ల క్లాసు. తొమ్మిదీ ఐదుకి ఒకడు అడిగాడు.

"మిస్, మీరు మా టీచరా, ఇవాళ్టి టీచరా?"

"ఇవాళ్టి టీచర్ని. ఇవాళ పని కానిద్దాం."

ఇసుక, సిమెంటు పాళ్లతో నిష్పత్తులు చెప్పింది. తొమ్మిదీ ఇరవైకి వెనక వరసలో ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి. పదిన్నరకు అదే కుర్రాడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"రేపు కూడా మీరేనా?"

"తెలియదు నాన్నా," అంది, ఇంగ్లీషు మధ్యలో ఆ ఒక్క ముక్క తెలుగులో. వాడికి అర్థమైనట్టే ఉంది.

పోయిన ఏడాది చివర్లో పర్మనెంట్ పోస్టు పడింది. ఇంటర్వ్యూకి వెళ్లింది. ఉద్యోగం రాలేదు. కారణం చెప్పడానికి డిపార్ట్‌మెంట్ హెడ్ ఆమెను పిలిచాడు. దారి చూపించేదాన్ని కనక నన్నూ పిలిచాడు.

"చాలా మంచి అభ్యర్థి. కానీ ఒకే క్లాసును ఏడాది పొడవునా నడిపిన అనుభవం లేదు."

"ఆ అనుభవం ఎవరివ్వాలి?" అన్నాను.

"చూడండి, కవర్‌లో ఆమె మాకెంత ముఖ్యమో మీకు తెలుసు. నిజం చెప్పాలంటే అక్కణ్ణుంచి కదిపితే మాకే ఇబ్బంది."

పొగుడుతున్నాననే అనుకున్నాడు. అతని వెనక గోడ మీద మా పథకం పోస్టరు. అందులో చేతిలో మార్కర్‌తో నవ్వుతూ ఈ అమ్మాయే. ఆ ఫొటో తీసింది కూడా ఎవరో రాని రోజునే.

బస్ స్టాపులో ఆమె ఏడవలేదు. నేనే ఏదో ఒకటి అనాలని, "కాస్త ఓపిక పట్టమ్మా, వచ్చే ఏడు మళ్లీ వేస్తారు," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "ఆంటీ, మీరు డైరీల అన్నీ రాస్తరు గదా. నాకంటే ముందు వచ్చినోళ్లకు ఏం జెప్పిన్రు? వాళ్లు ఏమైన్రు? జర చూసి చెప్పుండ్రి."

ఇంటికొచ్చి పాత డైరీలు బల్ల మీద పరిచాను. ఆమెకు ముందు ముగ్గురు. ముగ్గురికీ అదే సలహా, దాదాపు అవే మాటల్లో. ఒకామె తిరిగి మందుల షాపు కౌంటర్లోకి వెళ్లిపోయింది. ఒకతను మాంచెస్టర్‌లో బస్సు నడుపుతున్నాడు. మూడో ఆమె గురించి ఆఖరి మాట, 'ఫోన్ ఎత్తలేదు.' ఇంకా వెనక్కి, నేను చేరిన కొత్తల్లోకి వెళ్లాను. నేను కవర్ చేసింది రెండేళ్లని అందరికీ చెబుతూ వచ్చాను. డైరీలో నాలుగేళ్లుంది. 'ఇవాళ కూడా ఎవరిదో క్లాసు. స్టాఫ్ టాయిలెట్లో ఏడ్చాను' అని నా చేతిరాతే. అది రాసిన సంగతే నాకు గుర్తు లేదు. నన్ను వాడుకున్న పద్ధతిని అనుభవమని పేరుపెట్టి నలుగురికి పంచాను.

పిల్లల తప్పులు దిద్దిన ఎర్ర పెన్ను తీసి, నాలుగు చోట్లా ఆ సలహా కింద 'తప్పు' అని రాసి, ఫోన్ చేశాను.

"ముగ్గురూ వెళ్లిపోయారు. నేను చెప్పింది తప్పు. సొంత క్లాసు ఇస్తేనే వస్తానని చెప్పు."

"ఇగ పిలవకపోతే?"

"పిలవకపోవచ్చు. ఆ భరోసా నేనివ్వలేను."

"గోడౌన్‌ల నా షిఫ్టుల రోటా నెల ముందే వస్తది ఆంటీ. అట్టడబ్బాలకున్న ఇజ్జత్ కూడ నాకు లేదు ఈడ." నవ్విందో, ఇంకేమిటో తెలియలేదు.

సోమవారం ఏడింటికి ఫోన్ వస్తే ఆమె రానంది. ఎనిమిదీ పదికి నాకు మోగింది. హెడ్.

"మీరు కాస్త నచ్చజెప్పాలి. తాపీపని పిల్లలు టీచర్ లేకుండా కూర్చుంటారు."

"నేనే వద్దన్నాను."

"అయితే మీరైనా రాగలరా? ఈ ఒక్క రోజుకి."

ఇది దాచకుండా రాయాలి. డెబ్భై రెండేళ్ల వయసులో, ఆ మాట వినగానే నా చెయ్యి తలుపు వెనక వేలాడే పాత బ్యాగు మీదికి వెళ్లింది. మార్కర్లు ఉన్నాయో లేవో తడిమి చూశాను కూడా. అప్పుడు తెలివొచ్చి వదిలేశాను.

"మీరు లెక్కల మనిషే కదా," అన్నాను. "మీరే వెళ్లండి."

ఆ కుర్రాళ్లు గుర్తొచ్చి రోజంతా అన్నం సయించలేదు. అదీ రాసుకున్నాను.

మూడు రోజులు హెడ్డే పాఠం చెప్పాడు. గురువారం ఆమెకు ఫోన్ చేసి, ఆ క్లాసు టీచర్ ఇక ఈ ఏడు రావడం లేదు, పరీక్ష దాకా నువ్వే తీసుకో అన్నాడు. రెండేళ్లుగా లేని అనుభవం ఆ మూడు రోజుల్లో ఆమెకు ఎక్కణ్ణుంచి వచ్చిందో అతను చెప్పలేదు. ఆమె జూన్ వరకూ టైంటేబుల్ కాగితం మీద ఇమ్మంది. ఇచ్చారు.

సంతోషించాలట. ఇంట్లో అందరూ అదే అంటున్నారు. కొత్తవాళ్లకు మొదటి రోజే సొంత క్లాసు ఇవ్వకపోతే ఇక నన్ను పిలవొద్దని పథకం వాళ్లకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. పోస్టరు మాత్రం ఇంకా ఉంది.

మాంచెస్టర్‌లో బస్సు నడిపే అతని నంబరు పాత డైరీలో దొరికింది. రేపు పొద్దున చేస్తాను. అలవాటు కొద్దీ ఏం మాట్లాడాలో ముందే రాసుకుంటున్నాను. 'నీకు నేను చెప్పింది తప్పు' అనే మొదటి వాక్యం ఉంది. రెండోది ఇంకా రాలేదు.